వాదనలో కలుపు

కొన్నేళ్ళ క్రితం, తొలకరి జల్లులు పడి నేల పదునెక్కిన రోజుల్లో, ఓరుగల్లు ప్రాంతంలోని మా స్వగ్రామంలో రైతుల సమావేశం ఒకటి జరిగింది. వేపచెట్టు కింది గద్దె మీద పట్నం నుండి వచ్చిన వక్త నిలబడి ఉన్నాడు. ఎదుట తుండుగుడ్డలు భుజాన వేసుకున్న రైతులు, వారి వెనుక, కొంచెం ఎడంగా, కలుపు కూలికి వెళ్ళే స్త్రీలు కూర్చున్నారు. సెలవులకు ఊరికి వెళ్ళిన నేను కూడా ఒక మూల చేరాను.

వక్త మాటకారి. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: "కలుపు తీయకపోతే పంట దక్కదు. చేతితో కలుపు తీయిద్దామంటే కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. కాబట్టి కలుపు మందు తప్ప మార్గాంతరం లేదు. పొరుగూరిలో నిరుడు మందు వాడిన వారికి దిగుబడి పెరిగింది. ఇది విషమని కొందరు భయపెడతారు. మనం రోజూ తినే ఉప్పు కంటే ఇది తక్కువ విషమని శాస్త్రజ్ఞులే తేల్చారు."

ఒక మాట వెంట ఒక మాట గొలుసులా వచ్చింది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. దాపరికమెందుకు, ఆ వాదన నాకు నచ్చింది.

నచ్చిన వాదననే పరీక్షించాలని నాకు తెలిసి వచ్చింది రెండు నెలల తరువాత. మా చిన్నాన్న కొడుకు తన మక్కజొన్న చేనులో వెడల్పాకు కలుపు మీద 2,4-డి అనే మందు కొట్టాడు. కలుపు చచ్చింది, మక్కజొన్న నిలిచింది. వక్త మాట నిజమైంది. వారం గడిచాక అదే పంపును ఒకసారి నీళ్ళతో తొలిచి, అందులో పురుగు మందు కలిపి పత్తి చేనులో కొట్టాడు. కొద్ది రోజుల్లోనే పత్తి ఆకులు వేళ్ళలా సన్నగా సాగి ముడుచుకుపోయినవి, గూడ రాలింది. పంపు అడుగున, గొట్టంలో మిగిలిపోయిన ఆ కాస్త మందే అందుకు కారణం. 2,4-డి కి పత్తి మొక్క అంత సుకుమారమైనది.

"కలుపు మందు కలుపునే చంపుతదనుకున్నా అన్నా" అన్నాడు తమ్ముడు. ఆ ఒక్క వాక్యంలో వక్త వాదనలోని మొదటి దోషం దాగి ఉన్నది.

మన భాషలో 'మందు' అనే మాటకు ఔషధమని అర్థం. రోగానికి వాడేదీ మందే, పురుగును చంపేదీ మందే, గడ్డిని మాడ్చేదీ మందే. మాటలోనే సగం వాదన జరిగిపోయింది. మందు అనగానే అది రోగాన్ని మాత్రమే పోగొట్టి ఆరోగ్యాన్ని కాపాడుతుందన్న నమ్మకం మనసులో చోటుచేసుకుంటుంది. న్యాయశాస్త్రంలో ఒకే పదాన్ని రెండర్థాల మధ్య ఊయలలూపి ఎదుటివారిని మోసగించడాన్ని 'వాక్ఛలం' అన్నారు. ఇక్కడ మోసగించినది వక్త కూడా కాదు, మన వాడుకే.

మొక్కకు తాను కలుపునని తెలియదు. మందుకూ తెలియదు. 2,4-డి మొక్కలోని పెరుగుదల హార్మోనును అనుకరిస్తుంది. వెడల్పాకు మొక్కలు దాని వల్ల అదుపు తప్పి పెరిగి నశిస్తాయి. గడ్డిజాతి మొక్కలు చాలావరకు తట్టుకుంటాయి. దాని దృష్టిలో పత్తి కూడా వెడల్పాకు మొక్కే. గ్లైఫోసేటు పనిచేసే తీరు వేరు. అది మొక్కలకు అత్యవసరమైన ఒక ఎంజైమును అడ్డుకొని, పచ్చగా కనిపించిన దాదాపు ప్రతి మొక్కనూ, పైరు కలుపు అనే భేదం లేకుండా చంపుతుంది. పారాక్వాటు మరొకటి. అది మనిషి కడుపులోకి వెళ్ళితే విరుగుడు లేదు. ఈ మూడింటినీ 'కలుపు మందు' అనే ఒక్క మూటలో కట్టి, ఆ మూటకంతటికీ ఒకే గుణం చెప్పడం ఏ విధంగానూ చెల్లదు.

ఉప్పు పోలికలో జరిగినదీ అదే. ఆ పోలిక అబద్ధం కాదు. ప్రయోగశాలలో ఎలుకలకు ఒక్కసారిగా తినిపించి చూసినప్పుడు, వాటిలో సగాన్ని చంపడానికి ఉప్పు కంటే గ్లైఫోసేటే ఎక్కువ మోతాదులో కావలసి వచ్చింది. అది అడ్డుకునే ఎంజైము జంతువుల శరీరంలో లేకపోవడం అందుకొక కారణం. అయితే ఆ పరీక్ష ఒక్కనాటి విషప్రభావాన్ని కొలిచేది. ఏళ్ళ తరబడి వీపున పంపు మోసి, ముఖం మీద తుంపర పడుతూ, చేతులు కడుక్కోకుండానే సద్ది విప్పుకొనే మనిషికి ఏమవుతుందని అడిగితే ఆ పరీక్ష జవాబు చెప్పదు. పైగా సీసాలో ఉండేది గ్లైఫోసేటు ఒక్కటే కాదు. అది ఆకుకు అంటుకొని లోపలికి ఇంకడానికి తోడ్పడే ఇతర పదార్థాలు కూడా ఉంటాయి. ప్రశ్న ఒకటి, జవాబు మరొక ప్రశ్నకు. వినేవారు మాత్రం తమ ప్రశ్నకే జవాబు దొరికిందని తృప్తి పడతారు.

ఇక 'మార్గాంతరం లేదు' అన్న మాట. ఇది వాదన మొత్తానికి నిట్రాడు వంటిది. మన తార్కికులు 'పరిశేషానుమానం' అనే దానిని అంగీకరించారు. ఇంట్లో ముగ్గురే ఉన్నారు, ఇద్దరు పొలానికి వెళ్ళారు, కాబట్టి లోపల దగ్గుతున్నది మూడోవాడే అని చెప్పడం అటువంటిది. అయితే ఇంట్లో ఉన్నది ముగ్గురేనని ముందుగా రూఢి కావాలి. చుట్టం ఒకడు రాత్రే దిగి ఉంటే ఆ అనుమానమంతా కూలిపోతుంది.

వక్త ఇంట్లో ఇద్దరే ఉన్నారు: చేతితో తీయడం, మందు కొట్టడం. మొదటిది కుదరదు, కాబట్టి రెండవది. గుంటక ఏమైంది? దంతి ఏమైంది? సాళ్ళ మధ్య ఎడ్లతో అంతరకృషి చేయడం ఈ నేలకు కొత్తది కాదు. వరిలో పొలాన్ని దమ్ము చేసి, నాటు వేసి, నీరు నిలగట్టడమే ఒక కలుపు నివారణ. నీటి కింద గాలి అందక చాలా విత్తనాలు మొలకెత్తవు. 2003 ఖరీఫు నుండి మన ప్రాంతంలో ప్రచారమైన శ్రీ పద్ధతిలో నీరు నిలగట్టరు, ఆ మేరకు కలుపు పెరుగుతుంది. దానిని వరుసల మధ్య కోనో వీడరు తిప్పి బురదలోకే తొక్కేస్తారు. తొలి వానకు మొలిచిన కలుపును దున్ని చంపి, ఆ తరువాతనే విత్తడం ఇంకొక ఉపాయం. పంట మార్పిడి, అంతరపంట, నేల మీద కప్పే ఆకూ అలమూ ఉండనే ఉన్నవి. వీటిలో ప్రతిదానికీ ఇబ్బందులున్నవి, నాకు తెలుసు. అయితే ఆ ఇబ్బందులు చూపి వాటిని తోసివేయడం వేరు, వాటి ఊసే ఎత్తకుండా ఉండడం వేరు.

ఆనాటి సభలో ఈ లోపాన్ని పట్టుకున్నది నేను కాదు. ముందు వరుసలో కూర్చున్న ఒక వృద్ధుడు చేతికర్ర ఆనించుకొని లేచి, "అయ్యా, మందు కొడితే గడ్డి సస్తది, మంచిదే. భూమి నోరు తెరిస్తే మూసెటోడెవడు?" అన్నాడు. కొందరు నవ్వారు. వక్తకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకూ అప్పుడు అర్థం కాలేదు.

నల్లరేగడి ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ పగుళ్ళ గుండా లోపలి తేమ ఆవిరైపోతుంది. గుంటక తోలినప్పుడు కలుపు తెగడం ఒక పని, పైమట్టి పొడియై పగుళ్ళను పూడ్చడం రెండవ పని. వాన ముఖం చాటేసిన నెలలో పైరును బతికించేది ఆ రెండవ పనే. మందు మొదటి పని చేస్తుంది, రెండవది చేయదు. ఒక గుంటక ఖర్చును, ఒక మందు ఖర్చును పక్కపక్కన పెట్టి ఇది చౌక అంటే, రెండు పనుల కూలిని ఒక పని కూలితో పోల్చినట్లే. ముసలాయన తర్కశాస్త్రం చదవలేదు. రెండు పనులూ చేతులారా చేసినవాడు గనుక తేడా కనిపెట్టాడు.

పొరుగూరి దిగుబడి సంగతి చూద్దాం. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుందన్నది మన పాఠాల్లో పాత ఉదాహరణ. నిప్పు లేకుండా పొగ ఎక్కడా కనబడదు గనుక ఆ హేతువు నిలిచింది. మరి మందు లేకుండా దిగుబడి ఎక్కడా పెరగలేదా? నిరుడు వానలు అదనుకు పడ్డవి. కొందరు విత్తనం మార్చారు. మందు కొనగలిగినవాడు ఎరువూ కొనగలిగినవాడే. ఇన్ని కారణాలలో ఒకదానినే ఎంచుకొని కిరీటం పెట్టడం హేతువు కాదు, హేత్వాభాసం. హేతువులా కనిపించేదే తప్ప హేతువు కాదన్నమాట.

ఈ పొరపాటు సామాన్యులకే పరిమితం కాదు. 18వ శతాబ్దిలో ఇంగ్లాండులో జెత్రో టల్ అనే వ్యవసాయదారుడు ఉండేవాడు. విత్తనాన్ని వరుసలలో వేసే యంత్రాన్ని రూపొందించి, వరుసల మధ్య గుర్రంతో గుంటక తోలాలని బోధించి, 1731లో ఆ పద్ధతిపై గ్రంథం వెలువరించాడు. గొర్రుతో సాళ్ళు వేయడం మన రైతులకు తరతరాలుగా తెలిసినదే. ఆ శతాబ్ది చివర హాల్కాట్ అనే ఆంగ్ల సైనికాధికారి దక్షిణ భారతంలో గొర్రును చూసి, అది ఐరోపా వారి కొత్త కల్పన అని తాను అనుకున్నది పొరపాటని రాశాడు. అది అట్లా ఉంచుదాం. టల్ మహాశయుడు ఒకే పొలంలో పశువుల ఎరువు వేయకుండా, గుంటక తోలుతూ, వరుసగా 13 ఏళ్ళు గోధుమ పండించాడు. దాని నుండి ఆయన తేల్చినది ఏమిటి? మొక్కకు ఆహారం మట్టి రేణువులే, దున్నగా దున్నగా అవి మెత్తనై వేళ్ళు మింగడానికి అనువవుతాయి, కాబట్టి ఎరువుతో పని లేదు!

ఎరువు వద్దనడానికి ఆయన చూపిన మరొక కారణం ఆలోచించదగినదే. పశువుల పెంటలో కలుపు విత్తనాలు ఉండి, ఎరువుతో పాటు పొలానికి చేరతాయన్నాడు. నిజమే, సరిగా మాగని పెంట వేసిన చేను చూసిన ఎవరైనా ఒప్పుకుంటారు. అయితే పెంటలో విత్తనాలున్నవంటే పెంటను బాగా మాగబెట్టాలని తేలుతుంది గాని, పెంటలో బలం లేదని తేలదు.

మరి 13 పంటలు ఎట్లా వచ్చినవి? కలుపు పోయినందువల్ల నేలలోని సారం, తేమ పైరుకే దక్కినవి. దున్నినప్పుడు నేలలో నిలువ ఉన్న సేంద్రియ పదార్థం కుళ్ళి పోషకాలు విడుదలైనవి. అంటే తాతలు దాచిన ధాన్యాన్ని తింటూ, తన ఆకలికి వంట చేయడమే చాలునని ఆయన అనుకున్నాడు. 1843లో అదే దేశంలోని రాథమ్‌స్టెడ్‌లో ఒక గోధుమ పొలాన్ని మడులుగా విభజించి, కొన్నింటికి ఎరువు వేసి, ఒకదానికి ఏమీ వేయకుండా ప్రయోగం ఆరంభించారు. అది నేటికీ సాగుతున్నది. ఎరువు లేని మడిలో ఇప్పటికీ గోధుమ పండుతూనే ఉన్నది, కాని ఎరువు వేసిన మడులలో పండే దానిలో కొద్ది భాగమే. టల్ పొలంలో పంట పండడం నిజం. ఎరువుతో పని లేదనడం అబద్ధం. ఆయన పక్కన ఎరువు వేసిన మడి ఒకటి ఉంచుకొని పోల్చి చూడలేదు. పొరుగూరి దిగుబడి గురించి చెప్పిన మన వక్త కూడా పోల్చి చూపలేదు.

కాలాన్ని కుదించడం ఆ వాదనలోని ఇంకొక లోపం. ఒక ఏటి లెక్క చెప్పి ఊరుకున్నాడు. ఒకే మందును ఏటేటా కొడితే, దానిని తట్టుకోగల మొక్క ఏ పదిలక్షల్లో ఒకటి ఉన్నా అది మిగిలి, విత్తనం రాల్చి, తన సంతానంతో పొలాన్ని నింపుతుంది. హర్యానాలో గోధుమ చేలలోని ఒక గడ్డి 1990ల ఆరంభానికే ఐసోప్రొట్యురాన్ అనే మందుకు లొంగకుండా పోయింది. అమెరికాలో గ్లైఫోసేటును తట్టుకొనే సోయా 1996లో వచ్చింది. ఆ మందుకు లొంగని అమరాంతపు మొక్క 2005లో జార్జియా రాష్ట్రపు పత్తి చేలలో బయటపడింది. అది మన తోటకూరకు దాయాది. మొదటి ఏటి ఖర్చు తగ్గిందన్న లెక్కలో ఈ తరువాతి ఏళ్ళ పద్దు లేదు.

ఇంతవరకు ఒకవైపు వాదననే చీల్చాను. కలుపు మందులను వ్యతిరేకించేవారి వాదనలో కలుపు లేదనుకుంటే పొరపాటు. "మా తాతలు మందులు లేకుండా వ్యవసాయం చేయలేదా?" అని వారు అడుగుతారు. చేశారు. ఆ తాతలకు దొడ్డినిండా పశువులుండేవి. ఏడాదికి ఇన్ని గింజలకు కుదిరి, రాత్రనక పగలనక పనిచేసిన జీతగాళ్ళుండేవారు. వెట్టి ఉండేది. తాతల వ్యవసాయాన్ని మెచ్చుకొనేవారు ఆ వ్యవసాయంలో నడుము వంచినది ఎవరని అడగరు. ఫలితాన్ని మాత్రం గుర్తుంచుకొని, దాని వెల చెల్లించిన వారిని మరచిపోవడం కూడా దోషమే.

గ్లైఫోసేటు విషయంలో వారు మరొక మాట చెబుతారు. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే తరగతిలో చేర్చింది. ఇది నిజం. అదే ఏడాది ఆ సంస్థ మేక మాంసం, గొర్రె మాంసం వంటి ఎర్ర మాంసాన్ని కూడా అదే తరగతిలో చేర్చిందన్నది కూడా నిజమే. ఒక వస్తువు హాని చేయగలదనే సాక్ష్యం ఎంత బలమైనదో ఆ తరగతి చెబుతుంది. ఎంత మోతాదులో, ఎంతకాలానికి, ఎందరికి హాని చేస్తుందో చెప్పదు. అమెరికా పర్యావరణ సంస్థ ఆ మందును సూచించిన రీతిలో వాడితే క్యాన్సర్ కలిగించే అవకాశం లేదని అభిప్రాయపడింది. ఈ రెండు సంస్థలూ అడిగిన ప్రశ్నలు ఒకటి కావు. సభలలో మాత్రం ఒకరు ఒకదానిని, మరొకరు రెండవదానిని జెండాలా ఎగరవేస్తారు.

"ప్రభుత్వమే నిషేధించింది, ఇంకేం సాక్ష్యం కావాలి?" అనేవారూ ఉన్నారు. 2018లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గ్లైఫోసేటు అమ్మకాలపై ఆంక్షలు పెట్టినవి. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని శిక్షణ పొందిన చీడపీడల నివారణ నిర్వాహకులకే పరిమితం చేసింది. 2018 నాటి ఆంక్షల వెనుక, అనుమతి లేని కలుపు మందును తట్టుకొనే పత్తి విత్తనాలు దొంగచాటుగా సాగు కావడం ఒక ప్రధాన కారణం. ఆంక్ష ఎందుకు వచ్చిందో తెలుసుకోకుండా ఆంక్షనే రుజువుగా చూపరాదు. అట్లాగే, అందరూ దొంగ విత్తనం వేస్తున్నారు గనుక అది మంచిదే అయి ఉండాలనడమూ కుదరదు. మా వైపు ఈ రెండవ మాటే ఎక్కువగా వినబడుతుంది.

నా అభిప్రాయం చెప్పమంటే, కలుపు మందును పొలం పొలిమేరల దాకా తరిమివేయాలని నేను అనను. పది రోజుల ముసురు పట్టి, రేగడిలో ఎద్దు కాలు దిగబడుతుంటే గుంటక ఎవరు తోలగలరు? నాటు వేయకుండా వెదజల్లిన వరిలో పైరుతో పాటే ఊద మొలుస్తుంది. అది చిన్నప్పుడు వరిని ఎంతగా పోలి ఉంటుందంటే చేయి తిరిగిన వారు కూడా తడబడతారు. అటువంటి చోట తగిన మందు, తగిన మోతాదులో, తగిన రోజున వాడడం వివేకమే. గుంటకకూ పరిమితులున్నవి. తుంగ మీద గుంటక తోలితే పైమొక్క తెగుతుంది, భూమిలోని గడ్డలు మళ్ళీ మొలకెత్తుతాయి. పైరు వయసులో తొలి మూడోవంతు కాలం కలుపు లేకుండా కాపాడితే చాలావరకు నష్టం తప్పుతుంది. ఆ కొద్ది రోజుల్లో ఏది అందుబాటులో ఉంటే దానిని వాడుకొనే రైతును తప్పుపట్టే అధికారం, నెలజీతం తీసుకొనే నాకు లేదు. నా ఫిర్యాదు 'తప్ప మార్గాంతరం లేదు' అన్న ఆ మూడు మాటల మీదనే.

సభ ముగిసిన తరువాత వెనుక కూర్చున్న స్త్రీలలో ఒకామెను, "అక్కా, నీకేమనిపించింది?" అని అడిగాను. ఆమె కొంగు సవరించుకొని, "నడుము నొప్పి పోతదంటె సంతోషమే సారూ. కూలి గూడ పోతదని ఆ సారు చెప్పలే" అన్నది. 'గిట్టదు' అన్న మాట ఎవరి లెక్కలో రాసినదో అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆమె కలుపు తీసి వస్తూ ఒడిలో వేసుకొచ్చే గంగవాయిలి కూర, పొన్నగంటి కూర ఆ పూట ఇంటికి కూర. జొన్న చేనులో పెరికి పారవేసే గునుగు, బతుకమ్మ నాటికి ఊరంతా వెతుక్కొనే పువ్వు. ఏది కలుపు అన్నది కూడా ఎవరు, ఎక్కడ నిలబడి చూస్తున్నారన్న దానిని బట్టి ఉంటుంది. వక్త తన నిర్వచనాన్ని అందరి నిర్వచనంగా తీసుకున్నాడు. నిజం చెప్పాలంటే, నడుము నొప్పి కూడా చిన్నది కాదు. వంగి వంగి తీసే ఆ పనిని దూరాన కూర్చొని కీర్తించడం నాకు సబబనిపించదు. అయితే నొప్పికి, కూలికి మధ్య ఎంపిక చేయవలసినది ఆమె. ఆనాటి సభలో ఆమెను అడిగినవారు లేరు.

మా తమ్ముడి ఇంటి వసారాలో ఇప్పుడు రెండు పంపులున్నవి. ఒకదాని పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. అది కలుపు మందుకే. దానిని పత్తి చేను గట్టు దాటనివ్వడు. ఎడ్లు మాత్రం లేవు. గుంటకకు పొరుగువారి కాడిని కిరాయికి తెచ్చుకోవాలి. ఆ కాడి ఊళ్ళో ఎన్నో చేలకు తిరగాలి. ఈ వ్యాసంలోని సంగతులన్నీ పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు అతనికి చెప్పాను. ఓపికగా విన్నాడు.

"మంచిగనే ఉంది అన్నా. వాన వెలిసిన నాలుగో దినానికి గాని నా వంతు వస్తలేదు. అప్పటికి తుంగ జానెడు లేస్తుంది. ఎడ్ల సంగతి చెప్పు" అన్నాడు.